సూరత్‌లో రాళ్లు నిలిపినవారు

సూరత్ నగరంలోని కతార్‌గామ్ ప్రాంతంలో ఉన్న 17వ శతాబ్దపు ఆంగ్లేయ వర్తకుల సమాధులను, వాటికి దగ్గరలోనే ఉన్న డచ్చివారి, ఆర్మీనియన్ల సమాధులను మొదటిసారి చూసేవారు అవి ఏ మొగలాయి అమీర్లవో అనుకుంటే అందులో వింతేమీ లేదు. గుమ్మటాలు, తోరణాలు, స్తంభాల వరుసలు అన్నీ ఆ పద్ధతిలోనే ఉన్నాయి. తమ దేశంలో చనిపోయి ఉంటే చర్చి నేలలో ఒక నాపరాయి కింద సరిపెట్టుకోవలసిన మధ్యతరగతి వర్తకులు, ఇక్కడ రాజబంధువులకు తగిన గోరీలలో నిద్రిస్తున్నారు. స్మారక చిహ్నం పోయినవారి గొప్పతనానికి కొలత అని సాధారణంగా భావిస్తారు గాని, అది నిజానికి దానిని నిలబెట్టినవారి అవసరానికి కొలత అన్న సంగతి సూరత్‌లో తెలిసినంత స్పష్టంగా దేశంలో మరెక్కడా తెలియదేమో.

ఆక్సెండెన్ సోదరుల ఉమ్మడి సమాధి ఇందుకు మంచి ఉదాహరణ. తమ్ముడు క్రిస్టొఫర్ 1659లో, ఈస్టిండియా కంపెనీ సూరత్ కోఠీకి అధ్యక్షుడైన అన్న సర్ జార్జ్ 1669లో మరణించారు. కోఠీ అంటే వస్తువులు తయారుచేసే చోటు కాదు, సరుకు కొని నిల్వచేసి ఓడకెక్కించే గిడ్డంగీ, గుమాస్తాల నివాసమూ కలిసిన వర్తక స్థావరం. క్రిస్టొఫర్ సమాధిపై లాటిన్ భాషలో చెక్కిన వాక్యాలు అతని ఆయుష్షును లాభనష్టాల పద్దుగా, మరణాన్ని లెక్క అప్పజెప్పమని అడిగే యజమానిగా వర్ణిస్తాయి. దుకాణం పరిభాషలో రాసిన ఆ చరమశ్లోకం పైనున్న గుమ్మటం ఆడంబరం కంటే నిజాయితీగా ఉంది.

డచ్చివారి శ్మశానంలో అన్నింటికన్నా పెద్దది హెండ్రిక్ వాన్ రీడ్ సమాధి. మలబారు తీరంలో డచ్చి గవర్నరుగా ఉన్నప్పుడు అక్కడి వైద్యుల సాయంతో మొక్కల సమాచారం సేకరింపజేసి, ఆమ్‌స్టర్‌డామ్‌లో 1678 నుంచి 1693 వరకు పన్నెండు సంపుటాలుగా వెలువడిన 'హోర్టస్ మలబారికస్' గ్రంథానికి కర్త అయినవాడు ఇతడే. తరువాత డచ్చి కంపెనీలోని అవినీతిని విచారించే ప్రత్యేకాధికారిగా కోరమండల్ తీరపు స్థావరాలను తనిఖీ చేసి, 1691 డిసెంబరులో సూరత్‌కు వస్తూ ఓడలోనే ప్రాణం విడిచాడు. ఆక్సెండెన్ల గోరీని మించాలన్న పంతంతోనే డచ్చివారు ఈ కట్టడాన్ని అంత ఎత్తున లేపారని చాలాకాలంగా చెప్పుకొనే మాట. అది ఎంతవరకు నిజమైనా, సుంకాల రాయితీ కోసం ఒకే మొగలాయి అధికారి ఎదుట చేతులు కట్టుకొని నిలబడవలసిన రెండు కంపెనీలకు హోదా ప్రదర్శన వ్యాపార ఖర్చే. మచిలీపట్నంలో 1611లోనే, అంటే సూరత్ కంటే ముందే, కోఠీ పెట్టిన ఆంగ్లేయులకూ వారికంటే ముందు వచ్చిన డచ్చివారికీ ఈ పోటీ అప్పటికే అలవాటైనది. మచిలీపట్నంలో, భీమునిపట్నంలో మిగిలిన డచ్చి శ్మశానాలు తెలుగువారికి తెలియనివి కావు.

సర్ జార్జ్ పేరు నిలవడానికి ఒక యుద్ధమూ కారణం. 1664 జనవరిలో శివాజీ సూరత్‌పై దాడి చేసినప్పుడు మొగలాయిల తరఫు నగర పాలకుడు ఇనాయత్ ఖాన్ కోటలో దాక్కోగా, ఆక్సెండెన్ తన కోఠీని ఆయుధాలతో కాపాడుకున్నాడు. సంతోషించిన ఔరంగజేబు ఆంగ్లేయులకు సుంకాలు తగ్గించాడు, కంపెనీ తన అధ్యక్షునికి బంగారు పతకం ఇచ్చింది. ఆ నాలుగైదు రోజుల్లో కాలిపోయిన ఇళ్లవారికి, దోపిడీకి గురైనవారికి అలాంటి కంపెనీ ఏదీ వెనుక లేదు. అపారమైన ఐశ్వర్యానికి పేరుపొందిన వీర్జీ వోరా కూడా ఆ దోపిడీలో భారీగా నష్టపోయాడు. 1670లో దాడి మళ్లీ జరిగింది. ఈ నగరంలో కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాల జాబితాలో 1664 పేరుతో ఏదీ కనిపించదు. దాడి చేసినవాడు ఒక ప్రాంతానికి ఆరాధ్యుడు, దాడికి గురైనది మరొక ప్రాంతం కాబట్టి, ఆ రాయి నిలిపే బాధ్యత ఏ ప్రభుత్వమూ కోరి నెత్తినెత్తుకోదు.

యుద్ధమృతులకు రాయి నిలపడం అన్న ఆచారం మాత్రం గుజరాత్‌కు కొత్తది కాదు. సౌరాష్ట్రలో, కచ్‌లో ఊరి పొలిమేరల్లో వరుసగా కనిపించే 'పాళియా'లు పోరులో పడిపోయిన వీరుల స్మారక శిలలు. పైన సూర్యచంద్రులు, కింద గుర్రం మీద వీరుడు, సముద్రంలో పోయినవాడైతే ఓడ చెక్కి ఉంటాయి. తెలుగునాట వీరగల్లులుగా పిలిచేవి వీటికి తోబుట్టువులే. వీటిని బతికించినది కట్టడపు గట్టిదనం కాదు, ఏటా సిందూరం పూసే వారసులు. కారెంపూడిలో పల్నాటి వీరుల గుడి ఈనాటికీ జీవించి ఉన్నదీ కార్తీకంలో జరిగే ఉత్సవం వల్లనే. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధానికి స్తంభం మాత్రం 19వ శతాబ్దం చివరలో, ఆ సంస్థానపు వారసులు స్థిరపడి నిలదొక్కుకున్నాకే లేచింది.

ఇటువంటి ఆలస్యం అమెరికాలో ఇంకా బాహాటంగా కనిపిస్తుంది. అక్కడ జిల్లాకు సమానమైన పరిపాలనా విభాగాన్ని కౌంటీ అంటారు; దక్షిణ రాష్ట్రాల గ్రామీణ కౌంటీలలో న్యాయస్థానం ఎదుట నిలబడిన సైనిక విగ్రహాలు 1865లో ముగిసిన అంతర్యుద్ధానివే అయినా, వాటిలో అధికభాగం 1890ల నుంచి 1920ల వరకు, నల్లజాతివారి ఓటుహక్కును చట్టాలతో అణచివేసిన కాలంలో వెలిశాయి. చనిపోయిన సైనికుడి కంటే బతికి ఉన్న పౌరుడిని ఉద్దేశించి పెట్టినవే అవి ఎక్కువ.

సూరత్ జిల్లా గ్రామాలకు వచ్చేసరికి, ఆయుధం లేని పోరాటానికి స్మారకం ఏ రూపంలో ఉండాలన్న చిక్కు ఎదురవుతుంది. 1922 ఫిబ్రవరి 12న బార్డోలిలో కాంగ్రెస్ కార్యవర్గం చౌరీచౌరా హింస కారణంగా శాసనోల్లంఘనను నిలిపివేసినప్పుడు, ఆ దెబ్బ ఎక్కువగా తగిలిన చోట్లలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఒకటి. పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వంలో అక్కడి రైతులు అప్పటికే పన్ను కట్టడం మానేశారు. సరిగ్గా ఆరేళ్లకు, 1928 ఫిబ్రవరి 12న, అదే బార్డోలిలో వల్లభభాయి పటేల్ శిస్తు నిరాకరణ ప్రారంభించాడు. మొదట 30 శాతంగా ప్రతిపాదించి 22 శాతానికి తగ్గించిన పెంపు, ఉద్యమం తరువాత జరిగిన విచారణలో 6.03 శాతానికి దిగింది. గెలిచినందువల్ల బార్డోలి స్వరాజ్య ఆశ్రమం జాతీయ స్మృతిలో స్థిరపడింది. అంత సాహసం చేసీ అర్ధాంతరంగా ఆగిపోయిన పెదనందిపాడు పేరు తెలుగువారిలోనే చరిత్ర చదివినవారికి తప్ప తెలియదు.

1938 ఫిబ్రవరిలో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగిన హరిపురా కూడా ఈ జిల్లాలోనిదే. తాపీ నది ఒడ్డున ఆ సభ కోసం వెదురుతో, గడ్డితో వేసిన విఠల్‌నగర్, సభ ముగియగానే మాయమైంది. దాని ద్వారాలకు, పందిళ్లకు నందలాల్ బోస్ వేసిన గ్రామీణ జీవన చిత్రాలు మాత్రం కాగితమే అయినా రాతికంటే ఎక్కువ కాలం మాట్లాడుతున్నాయి.

ఉప్పు సత్యాగ్రహానికి వేదికలైన దండి, ధరాసన రెండూ 1930లో సూరత్ జిల్లాలో ఉండేవి; ఇప్పుడు మొదటిది నవ్‌సారీ జిల్లాలోకి, రెండోది వల్సాడ్ జిల్లాలోకి చేరాయి. 2019 జనవరి 30న ప్రారంభమైన దండి స్మారకంలో గాంధీ వెంట నడిచిన 80 మంది సత్యాగ్రహుల నిలువెత్తు విగ్రహాలు ఉన్నాయి. నాయకుణ్ణి ఒక్కడినే పీఠమెక్కించకుండా వెనుక నడిచినవారికీ ముఖం ఇచ్చిన అరుదైన ప్రయత్నమిది. ఆ వరుసలో ఆంధ్ర నుంచి వెళ్లిన ఎర్నేని సుబ్రహ్మణ్యం ఉన్నాడు. హైదరాబాదుకు చెందిన సరోజినీ నాయుడు ముందుండి నడిపిన 1930 మే 21 నాటి ధరాసన ఉప్పు కొఠారు ముట్టడిలో, చేయి ఎత్తకుండా లాఠీదెబ్బలు తిన్న వందలాది మందికి మాత్రం అంతటి గుర్తింపు రాలేదు.

పాత కట్టడాల రక్షణకు 1958 నాటి చట్టం ఉంది. 2010 సవరణతో రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పాడుచేసినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పురావస్తు శాఖ నీలిరంగు ఫలకం ఈ హెచ్చరికను చెప్పినంత శ్రద్ధగా, లోపల ఎవరున్నారో, ఎవరు ఎందుకు కట్టించారో చెప్పదు. చట్టం ఒక్కటే చాలదనడానికి 2024లో కేంద్రం 18 కట్టడాలను రక్షిత జాబితా నుంచి తొలగించిన తీరు సాక్ష్యం. వాటిలో ఝాన్సీ జిల్లాలోని ఒక బ్రిటిష్ ఫిరంగి సైనికుడి సమాధి కూడా ఉంది. పేరు జాబితాలో ఉన్నా, రాయి ఎక్కడుందో చివరికి కనుక్కోలేకపోయారు.

ఫలకాలు చెప్పని ఈ కథలు వినవలసినవారిలో తెలుగువారూ ఉన్నారు. మరమగ్గాలపై పనికి వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతోంది. ఆక్సెండెన్ ఎవరో, 1664లో ఆ వీధుల్లో ఏం జరిగిందో, బార్డోలి నిర్ణయం గుంటూరు రైతును ఎలా తాకిందో నాలుగు వాక్యాల్లో చెప్పే ఫలకాలను గుజరాతీ, హిందీలతోపాటు తెలుగులోనూ పెట్టడానికి అయ్యే ఖర్చు ఒక కూడలిలో విగ్రహం నిలపడానికి అయ్యేదానితో పోలిస్తే లెక్కలోకి రాదు.