‘మిస్సమ్మ’ నవ్వు ఎవరిది?

మన అభ్యుదయ మిత్రులకు నవ్వంటే ఎందుకో అనుమానం. ఆ మధ్య హిందూపురంలో జరిగిన ఒక గోష్ఠిలో ఒక పెద్దాయన, పాత హాస్యచిత్రాలన్నీ మధ్యతరగతి పలాయనవాదమని ఒక్క వాక్యంలో తీర్పు చెప్పి కాఫీ అందుకున్నారు. పక్కనున్న సంప్రదాయవాది, కాదు, అవి శుభ్రమైన సినిమాలు, అందుకే జనం ఇప్పటికీ చూస్తున్నారన్నారు. ఇద్దరూ తమ అభిప్రాయాన్ని చూసుకున్నారేగాని, సినిమాను చూడలేదు.

1955లో ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన ‘మిస్సమ్మ’నే తీసుకుందాం. ఆ కథను కదిలించేది ప్రేమ కాదు, ఒక ఉద్యోగ ప్రకటన. జమీందారుగారి బడికి బి.ఏ. చదివిన దంపతులే కావాలట! నిరుద్యోగి రామారావూ, అప్పు తీర్చలేక సతమతమవుతున్న క్రైస్తవ యువతి సావిత్రీ మొగుడూ పెళ్ళాలమని బొంకి కొలువులో చేరుతారు. తక్కిన సినిమా అంతా ఆ బొంకును కాపాడుకునే తంటాయే. కడుపుకోసం ఆడిన అబద్ధం పలాయనమెట్లా అవుతుంది? శుభ్రత మాటకొస్తే, పెళ్ళికాని ఇద్దరిని ఒకే ఇంట కాపురం పెట్టించిన కథ ఇది!

అమెరికాలో ఆర్థికమాంద్యం నాడు పుట్టిన స్క్రూబాల్ కామెడీ సంగతీ ఇంతే. 1934లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’లో ధనవంతుని కూతురూ, ఉద్యోగం వూడిన విలేఖరీ చేతిలో డబ్బు చాలక భార్యాభర్తలమని చెప్పి ఒకే గదిలో దిగుతారు, మధ్యన తాడుకు దుప్పటి కడతారు. వేగులవాళ్ళు వచ్చేసరికి ఇద్దరూ ఒకరినొకరు చెడామడా తిట్టుకుంటారు. ఆ తిట్లే వాళ్ళ పెళ్ళికి సాక్ష్యం!

మా తరగతిలో ధర్మవరం మగ్గాల ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలున్నారు, పెనుకొండ పల్లెల పిల్లలున్నారు. హిందూపురం రామారావును 1985, 1989, 1994లలో శాసనసభకు పంపిన ఊరు. ఇక్కడ ఆయన పేరెత్తితే కృష్ణుడో ముఖ్యమంత్రో కళ్ళముందు నిలుస్తాడు. మా పిల్లలు మెచ్చుకున్నది మాత్రం, గుట్టు ఎక్కడ బయటపడుతుందోనని నీళ్ళు నమిలే పంతులును. పెనుకొండలో గది వెతుక్కున్న ఒకడన్నాడు: “సార్, అద్దెకడిగితే మొదట కులమేమంటారు, తర్వాత పెండ్లయిందా అంటారు. నేనూ రామారావు చేసిన పనే చేసినా.” నేను నవ్వి వూరుకున్నాను. హిందూపురంలో మొదటి ఏడు ‘మా ఆవిడ పుట్టింట్లో వుంద’ని చెప్పి ఇల్లు సంపాదించినవాణ్ణి, లేని భార్య రాకపోవడానికి పండుగకొక సాకు కల్పించినవాణ్ణి.

విమర్శకుడు కత్తి దూయవలసిన చోటు వేరే వుంది. చివరికి మేరీ ఆ జమీందారుగారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మేనని తేలుతుంది. ఆ ఒక్క దెబ్బతో మతం అడ్డు తొలగింది, అప్పు బాధ పోయింది, ఉద్యోగం మాట ఎవరికీ గుర్తులేదు. రెండున్నర గంటలు ఆకలి నడిపిన కథను పుట్టుక వచ్చి ఎగరేసుకుపోయింది. కాప్రా కూడా చివరకు ధనవంతుడైన తండ్రి ఆశీస్సునే ఆశ్రయించాడు. అయితే ఆయన విలేఖరి తాను ఖర్చుపెట్టిన 39 డాలర్ల 60 సెంట్లు తప్ప మరేమీ పుచ్చుకోనంటాడు. మన పంతులుకు ఆ పాటి లెక్క చెప్పే అవకాశమైనా ఇవ్వలేదు.

అంతవరకు విరగబడి నవ్విన తరగతి ఆ ఘట్టంలో చల్లబడింది. ధర్మవరం అమ్మాయి ఒకతె లేచి అడిగింది: “మేరీ మేరీగానే పెండ్లి చేసుకొనుంటే ఏం పోయేది సార్?”

గోష్ఠిలోని పెద్దలిద్దరికీ ఆ ప్రశ్నను అందజేస్తున్నాను.