గురక ఆగితే వినండి

మన దగ్గర గురక అంటే జోకు. హాస్టల్లో ఎవడైనా గురక పెడితే వీడియో తీసి గ్రూపులో పెడతాం. ఇంట్లో పెద్దవాళ్ళయితే "పాపం, ఎంత హాయిగా నిద్రపోతున్నాడో" అని మురిసిపోతారు. పోయిన డిసెంబరులో లంబసింగి వెళ్ళేదాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మా బ్యాచ్ ఆరుగురం నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కాం. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, 'ఆంధ్రా కశ్మీర్' అన్న పేరు, తెల్లారేసరికి చెరువులవేనం కింద పాలసముద్రంలా మంచు. అందరూ ఎందుకు వెళ్తారో మేమూ అందుకే వెళ్ళాం. రాత్రి టెంట్లో చలికి నాకు నిద్ర పట్టలేదు. పక్కనే మా రూమ్మేట్ గురక. రెండేళ్ళుగా వింటున్నదే. కానీ హాస్టల్లో ఫ్యాను చప్పుడు ఉంటుంది, కారిడార్లో ఎవడో ఒకడు ఫోన్ మాట్లాడుతూ ఉంటాడు. అక్కడ ఏ చప్పుడూ లేదు. అందుకే గురక ఆగడం మొదటిసారి విన్నాను.

గురక పెరిగి పెరిగి టక్కున ఆగిపోయింది. ఫోన్ వెలుగులో చూస్తే ఛాతీ కదులుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. స్టాప్‌వాచ్ పెట్టాను. ఇరవై రెండు సెకన్లు. తర్వాత ఉలిక్కిపడినట్టు ఒక్కసారి గాలి లాగి, మళ్ళీ గురక. గంటసేపు లెక్కపెట్టాను. ముప్పై ఒక్కసార్లు ఆగింది.

పొద్దున టీ కొట్టు దగ్గర ఈ సంగతి చెప్తే వాడు నవ్వేశాడు. కొట్టు నడిపే ఆవిడ మాత్రం నవ్వలేదు.

"నవ్వకు బాబూ. మా గుంటడూ అంతే. తొంగున్నాడంటే ఇల్లంతా గురకే. మధ్యలో ఊపిరాగిపోద్ది. నానే తట్టి లేపుతాను."

పిల్లాడు అక్కడే పొయ్యి పక్కన కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళు. బక్కగా ఉన్నాడు, నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నాడు. ఆశ్రమ పాఠశాలలో ఉంటాడట, జ్వరమొచ్చి ఇంటికి పంపారట. "బడిలో తొంగుంతన్నాడని కొడతన్నారు. మొద్దు అని పేరెట్టీసేరు" అంది. ఎక్కడా చూపించలేదా అమ్మా అని అడిగాను. "జలుబని మాత్రలిచ్చేరు. ఒకరు వైజాగ్ ఎల్లమన్నారు. ఎల్లి రావాలంటే రెండ్రోజులు కొట్టు మూసేయాలి. మాకు సీజనంటే ఈ రెండు నెలలే కదా బాబూ."

తిరిగొచ్చాక ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. దీని పేరు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా. మెత్తటి స్ట్రాతో గట్టిగా పీలిస్తే ఏమవుతుంది? అతుక్కుపోతుంది. నిద్రలో గొంతు కండరాలు వదులైనప్పుడు కొందరి గొంతులోనూ అదే జరుగుతుంది. పెద్దవాళ్ళలో పది సెకన్లు, ఆపైన ఊపిరి ఆగితే ఒక అప్నియా. ఊపిరి పూర్తిగా ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకి ఐదు దాటితే జబ్బు, ముప్పై దాటితే తీవ్రం. చెవితో లెక్కపెడితే పరీక్ష అయిపోదు, కానీ డాక్టరు దగ్గరికి పరిగెత్తడానికి అది చాలు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మన అమ్మానాన్నల తరాన్ని ఊపేసిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఇదొకటి. 2019లో లాన్సెట్ వారి శ్వాసకోశ వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ళ మధ్యవాళ్ళలో దాదాపు 94 కోట్ల మందికి ఇది ఉంది. మన దేశం వరకే చూస్తే పది కోట్ల పైమాటని 2023లో ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు లెక్కగట్టారు.

ఇది లావుగా ఉన్న పట్నం వాళ్ళ జబ్బని ఒక అపోహ. బరువు ఒక పెద్ద కారణం, నిజమే. కానీ పిల్లల్లో ముఖ్య కారణం వాచిన టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్స్. వాటికి ఎప్పుడూ మూసుకుపోయే ముక్కు తోడవుతుంది. చలికి తలుపులు బిగించి, లోపల కట్టెల పొయ్యి వెలిగిస్తే ఆ పొగ ముక్కు లోపలి పొరని వాపెక్కిస్తుంది. మనకి ఇన్‌స్టాలో అందంగా కనిపించే ఆ చలి, ఆ పిల్లాడికి పొగలో పడుకునే రాత్రి.

ఇలాంటి పిల్లలు కొందరు తరగతిలో తూగుతారు, కొందరు కుదురుగా కూర్చోలేరు, కొందరు పక్క తడుపుతారు. మూడింటికీ మన బళ్ళలో దొరికేవి తిట్లూ దెబ్బలే. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 464 మందితో చేసిన పరిశోధన 2013లో వచ్చింది. టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసేసిన పిల్లల్లో 79 శాతం మందికి ఏడు నెలల్లో నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది. ఆపరేషన్ చెయ్యకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్ళలో 46 శాతం. ఏకాగ్రత పరీక్షల్లో మార్కులు చెప్పుకోదగ్గంత పెరగలేదు, ప్రవర్తన మాత్రం మెరుగుపడింది. అంటే ఆపరేషన్ మంత్రదండం కాదు. ఒకరికి ఆపరేషన్ కావాలి, ఇంకొకరికి అక్కర్లేదు. అది తేల్చడానికే పరీక్ష కావాలి.

అసలు చిక్కు అక్కడే ఉంది. పూర్తి పరీక్షంటే ఒక రాత్రంతా ల్యాబులో ఒంటినిండా వైర్లతో పడుకోవాలి. దారి ఒకటుంది. వేలికి పెట్టే ఆక్సిమీటరుతో రాత్రంతా ఆక్సిజన్ రికార్డు చేసి, ఏ పిల్లల్ని ముందు పంపాలో తేల్చే మెక్‌గిల్ స్కోరు పద్ధతి 2004 నుంచీ ఉంది. అందులో తేడా కనిపిస్తే జబ్బు దాదాపు ఖాయం. కనిపించకపోతే మాత్రం లేదని చెప్పలేం.

ఇక్కడే మనలాంటివాళ్ళకి పని ఉంది. ఆక్సిమీటరు ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతుల్ని వేలిలోంచి పంపి కొలుస్తుంది. చల్లబడ్డ వేళ్ళలో రక్తప్రసరణ తగ్గి సిగ్నల్ బలహీనమవుతుంది. నల్లటి చర్మం మీద ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే ప్రమాదమూ ఉంది. 2020లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, మీటరు 92 నుంచి 96 చూపిస్తున్నా నిజానికి ఆక్సిజన్ 88 కన్నా తక్కువున్న సందర్భాలు తెల్లవాళ్ళలో 3.6 శాతమైతే నల్లవాళ్ళలో 11.7 శాతం. చల్లటి వేళ్ళు, నల్లటి చర్మం: లంబసింగి పిల్లాడికి ఈ రెండూ ఉన్నాయి. ఎక్కడో తయారైన పరికరాన్ని మన కొండమీద, మన పిల్లల మీద, డాక్టర్ల పర్యవేక్షణలో పరీక్షించి చూడాల్సిన అవసరం లేదా?

"మనం డాక్టర్లం కాదు కదా" అని ఒక సీనియర్ అన్నాడు. పల్స్ ఆక్సిమీటరు సూత్రాన్ని 1974లో ప్రకటించిన తకువో అయొయాగి ఇంజనీరే. 1980లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ గాలి ఒత్తిడితో గొంతు తెరిచి ఉంచే సీప్యాప్ కనిపెట్టినప్పుడు, ఆయన డాక్టరే అయినా, వాడింది వాక్యూమ్ క్లీనర్ మోటారు.

ఇంకో ఫ్రెండు అడిగిన ప్రశ్న మాత్రం కొట్టిపారేయలేను. గర్భిణుల్ని ఇప్పటికీ డోలీలో మోసుకొచ్చే ఏజెన్సీలో గురక గురించి మాట్లాడటమేంటి అన్నాడు. రోడ్డు ముందు కావాలి, కాదనను. కానీ నేను మొదట అడిగేదానికి పైసా ఖర్చు లేదు. తరగతిలో తూగే పిల్లాణ్ణి కొట్టేముందు "వీడు రాత్రి గురక పెడతాడా, మధ్యలో ఆగుతుందా?" అని వార్డెన్‌ని అడగాలి. అవునంటే ముక్కు, గొంతు డాక్టరుకి చూపించాలి. కొండ మీద పిల్లాడికి చదువొక్కటే నిచ్చెన. మొద్దు అన్న ముద్ర పడితే ఆ నిచ్చెన అక్కడే విరుగుతుంది.

మా రూమ్మేట్ పరీక్ష చేయించుకున్నాడు. తీవ్రం అని వచ్చింది. ఇప్పుడు మాస్కు పెట్టుకుని పడుకుంటున్నాడు, ఎనిమిది గంటల క్లాసుకి నాకన్నా ముందు ఉంటున్నాడు. లంబసింగి పిల్లాడి సంగతి అలాగే ఉంది. సీజన్ అయ్యాక తీసుకెళ్తానంది వాళ్ళమ్మ. మొన్న ఫోన్ చేస్తే "పరీక్షలవనీ బాబూ" అంది. వైజాగ్‌లో ఆ రెండ్రోజులూ తోడుంటామని మా ఆరుగురం చెప్పాం. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఈ ఆక్సిమీటరు పని తీసుకుందామని ముగ్గురం అనుకుంటున్నాం. ఇంకొకరికి చోటుంది.