ఫార్వర్డ్ చేయడం కూడా సాక్ష్యమే

"నేను రాసింది కాదు కదా, వచ్చింది పంపానంతే." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆదివారం ఆరాధనకు వెళ్ళి, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మోకరించి, మిగతా రోజులంతా ఫోనులో వచ్చిందల్లా నలుగురికీ పంపే మన ఆడవాళ్ళ నోట ఎక్కువగా వినేది ఇదే.

సాక్ష్యం అనే మాట మనకు కొత్త కాదు. సంఘంలో మైకు చేతికిస్తే కాళ్ళు వణుకుతాయి. దేవుడు వింటున్నాడని ఒక్కో మాటా ఆచితూచి చెబుతాం. మరి పప్పు ఉడికేలోపు ఐదు గ్రూపులకు పంపిన సందేశం ఎవరి సాక్ష్యం? అది మన పేరుతో, మన ఫోటోతో వెళ్ళింది. అందుకున్నవాళ్ళు "ఫలానా అక్క పంపింది" అనే నమ్ముతారు. రాసినవాడెవడో వాళ్ళకు తెలియదు. పొరుగువారి మీద అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞలో, ఇంకొకరు కల్పించింది చేరవేస్తే తప్పులేదన్న మినహాయింపు నాకెక్కడా కనపడలేదు.

"జాగ్రత్త కోసమే పంపాం, ఒక్కరు బయటపడినా చాలు కదా" అంటారు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మన రెండు రాష్ట్రాలతో సహా దేశంలో ఎన్నో చోట్ల సందేశాలు తిరిగాయి. పంపిన తల్లులు కూడా జాగ్రత్త కోసమే పంపి ఉంటారు. ఆ జూలైలో మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఐదుగురిని, కర్ణాటకలోని బీదర్ జిల్లాలో ఒక హైదరాబాదు యువకుణ్ణి జనం కొట్టి చంపారు. వాళ్ళెవరూ పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు కారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి ప్రకటించింది. 2020లో, ఎన్నో చేతులు మారిన సందేశమైతే ఒకసారికి ఒక్క చాటుకే అంది. ఒక కంపెనీ పెట్టుకున్నపాటి హద్దు మన మనస్సాక్షి పెట్టుకోలేదా?

ఇక "పదిమందికి పంపితే ఆశీర్వాదం, పంపకపోతే నష్టం" అనే సందేశాలు. తాయెత్తులు వదిలేశామని చెప్పుకునే మనం ఫోనులో తాయెత్తు కట్టుకుంటున్నాం.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది "ప్రార్థన అవసరత". "ఫలానా సిస్టర్ కూతురు అత్తింటి నుంచి వచ్చేసింది, ప్రార్థించండి" అని ఒకరు పెడతారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మోకరించినవాళ్ళెందరో గానీ, "ఏమైందట?" అని ఫోన్లు చేసుకున్నవాళ్ళు మాత్రం బోలెడుమంది. నాకు తెలిసిన ఒక తల్లి ఆ దెబ్బతో సంఘానికి రావడమే మానేసింది. కబురు చివర ఆమెన్ తగిలిస్తే ప్రార్థన అయిపోదు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు మన గది తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు. మనమేమో పక్కవాళ్ళ ఇంటి తలుపులు తెరిచిపెడుతున్నాం.

అలాగని "ఫోను సాతాను ఉచ్చు, ముట్టుకోకండి" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ నీతి ఎక్కువగా ఆడవాళ్ళకే చెబుతారు మరి. మంచం దిగలేని పెద్దవాళ్ళు ఆదివారం వాక్యం వినేది ఆ ఫోనులోనే. గల్ఫ్‌లో ఉన్న భర్తతో రాత్రిపూట కుటుంబ ప్రార్థన చేసుకునే చెల్లెళ్ళకు అదే ఆధారం. పారేయాల్సింది ఫోను కాదు, ఆలోచించకుండా నొక్కే అలవాటు.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో బెరయవారు ఉన్నారు. పౌలు చెప్పిన మాటలే నిజమో కాదో రోజూ లేఖనాల్లో చూసుకున్నారు. అందుకు వాళ్ళ గురించి అక్కడ మంచిగానే రాసి ఉంది. పౌలు మాటలనే సరిచూడగా లేనిది, ఊరూ పేరూ లేని సందేశాన్ని మనం సరిచూడకపోవడమేమిటి?

మా ఇంట్లో నియమం చిన్నది. ఎవరు చెప్పారు, ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది? ఈ మూడింటికీ జవాబు దొరకకపోతే అది నా దగ్గరే ఆగిపోతుంది. ఇంకొకరి ఇంటి సంగతైతే ఆమె ఒప్పుకోనిదే ఒక్క అక్షరం కదలదు. పిల్లలకూ ఇదే చెబుతున్నాను.

ఈసారి గ్రూపులో అలాంటిదేదైనా వస్తే, "ఇది నిజమేనా అక్కా, మీకెవరు చెప్పారు?" అని మర్యాదగా అడగండి. ముఖం మాడ్చుకుంటారు, నాలుగు రోజులు వందనాలు కూడా చెప్పరు. అయినా సరే, అడగండి.