‘కొంచెం టైఫాయిడ్’ అనే జబ్బు లేదు

“టైఫాయిడ్ కొంచెం ఉందన్నారండీ.” జ్వరాల సీజన్లో ఏ ఆర్టీసీ బస్సెక్కినా ఈ మాట చెవిన పడుతుంది. ఎంత కొంచెం అంటే లెక్క కూడా చెబుతారు: నూట అరవై. పక్క సీటావిడ తనకు మూడు వందల ఇరవై వచ్చిందని, అయిదు రోజులు పొద్దునా సాయంత్రం ఇంజెక్షన్లు చేయించుకున్నానని కాస్త గొప్పగానే చెబుతుంది. విన్నవాళ్లు అయ్యో అంటారు. ఆవిడకు వచ్చింది టైఫాయిడో కాదో సూది పొడిచిన డాక్టరుకు కూడా తెలియదు.

నేను జనరల్ ప్రాక్టీసు చేసేవాణ్ణి. జ్వరాలు, దగ్గులు, కడుపునొప్పులు, నడుంనొప్పులు చూసి బతికేవాణ్ణి. కాబట్టి ఇది బయటివాడి ఆడిపోసుకోవడం కాదు. వైడాల్ పరీక్ష కాగితం మీద అచ్చయిన ఆ అంకెను నమ్మి మందు మొదలుపెట్టకూడదని మాలో ప్రతి ఒక్కడికీ తెలుసు. తెలిసీ మొదలుపెడుతున్నాం. తెలియనితనమైతే పాఠం చెప్పి సరిదిద్దవచ్చు. ఇది తెలియనితనం కాదు, వ్యాపారం.

1896లో జార్జ్ ఫెర్నాండ్ వైడాల్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ పరీక్షను లోకానికి చెప్పాడు. ఆ రోజుల్లో అది గొప్ప సంగతే. టైఫాయిడ్ క్రిమి ఒంట్లో పడితే దాన్ని ఎదుర్కోవడానికి రక్తంలో యాంటీబాడీలు పుడతాయి. గాజుపలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క రసాయనం వేసి అటూ ఇటూ ఆడిస్తే, ఆ యాంటీబాడీలు ఉన్నచోట సన్నగా రవ్వ కడుతుంది. కొన్ని నిమిషాల పని. చిక్కల్లా, అవి నేటి జబ్బుకే పుట్టాయని చెప్పడానికి లేదు. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్‌కీ, వేయించుకున్న టీకాకీ, అదే జాతి వేరే క్రిములకీ, ఒక్కోసారి మలేరియాకీ పలక మీద రవ్వ కడుతుంది. మురుక్కాలవ పక్కనే మంచినీళ్ల పైపు పోయే ఊళ్లలో పెరిగిన మనలో చాలామంది రక్తం, జ్వరం లేని రోజున తీసి చూసినా, ఎంతో కొంత పలుకుతుంది. నిజంగా టైఫాయిడ్ పట్టినవాడికి మొదటి వారంలో అసలు పలక్కపోవచ్చు. ఉన్నవాడికి లేదనీ, లేనివాడికి ఉందనీ చెప్పే పరీక్ష ఇది. ఇదేదో నేను కనిపెట్టిన రహస్యం కాదు, ఎంబీబీఎస్ మైక్రోబయాలజీ పుస్తకంలో ఉన్న ముక్కే.

టైఫాయిడ్‌ను తేల్చేది బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ చుక్క పడకముందే, పెద్దవాళ్లకైతే ఎనిమిది పది మిల్లీలీటర్ల రక్తం తీసి సీసాలో పెట్టాలి. రెండు మూడు రోజులు, ఒక్కోసారి అయిదు రోజులు ఆగాలి. క్రిమి దొరికితే అది ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో కూడా తెలుస్తుంది. ఖర్చు ఎక్కువే. కానీ పది రోజుల ఇంజెక్షన్లు, సెలైన్లు, వాటికి మంచం అద్దె కలిపి చూస్తే ఎక్కువేమీ కాదు. అన్నిటికంటే ఘోరం ఇంకోటుంది. జ్వరం తగ్గి, ఆకలి పుట్టి, పనిలోకి పోతున్న మనిషికి మళ్లీ వైడాల్ చేయించి, “ఇంకా పూర్తిగా పోలేదమ్మా” అని రెండో కోర్సు మొదలెట్టడం. జబ్బు పోయినా యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. ఆ లెక్కన మనిషి బాగున్నా అంకెకు వైద్యం చేస్తూ సంక్రాంతి దాకా సాగదీయవచ్చు. సాగదీస్తున్నారు కూడా.

ఇలా యాంటీబయాటిక్‌లు ఎడాపెడా వాడితే ఫలితం ఎలా ఉంటుందో పక్క దేశం చూసింది. 2016లో హైదరాబాద్‌లో, మనది కాదు, పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ పుట్టి వేలమందికి పాకింది. నోటి మాత్రల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. ఆ అజిత్రోమైసిన్‌ను ఇక్కడ మనం జలుబుకు మూడు రోజుల ప్యాకుగా పప్పుబెల్లాల్లా పంచుతున్నాం. సెఫ్ట్రియాక్సోన్ అమ్మితే కొన్నవాళ్ల పేరూ, రాసిన డాక్టరు పేరూ విడిగా రిజిస్టరులో ఎక్కించాలని షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. మీ వీధి చివరి మెడికల్ షాపులో ఆ రిజిస్టరు ఒకసారి అడిగి చూడండి. షాపాయన ముఖం చూడవలసిందే.

సాయంత్రం ఏడింటికి ఏదో ఒక చిన్న ఊళ్లో దవాఖానాకు పోదాం. ముందు మందుల షాపు, వెనక డాక్టరు గది, మెట్ల కింద ల్యాబ్. కిటికీ చువ్వలకు గాజుగుడ్డ పేలికలతో కట్టిన సెలైన్ సీసాలు, కింద బల్లల మీద ఒకరి కాళ్ల దగ్గర ఇంకొకరి తల. డాక్టరు ముఖం చూడకముందే కుర్రాడొచ్చి “చెయ్యి చాపమ్మా” అంటాడు. సీబీపీ, వైడాల్, మలేరియా, డెంగీ అన్నీ కలిపి ఫీవర్ ప్యాకేజీ. రిపోర్టు వచ్చాకే లోపలికి పిలుపు. డాక్టరు చూసేది రిపోర్టును. నాలుక చాపమనడు, పొట్ట నొక్కి చూడడు, కళ్ల కింద రెప్ప లాగడు. ఎన్నాళ్ల నుంచి అని అడుగుతాడు గానీ జవాబు సగంలో ఉండగానే చీటీ చిరుగుతుంది.

ఎందుకిలా అంటే, చెయ్యి పెట్టి చూసినందుకు వేరే డబ్బు రాదు, రాసినందుకు వస్తుంది. పేషెంటును బండి మీద ఎక్కించుకొచ్చిన ఆర్‌ఎంపీకి వాటా, పరీక్ష రాసిన డాక్టరుకు వాటా, మందు అమ్మిన షాపుకు లాభం. పేషెంట్లను పంపినందుకు కమీషన్ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002లోనే రాసింది. చేసేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. తిలాపాపం తలా పిడికెడు.

చొక్కా ఎత్తి చూడకపోతే ఏమవుతుందో చెబుతాను. పొలం పనికో, గడ్డి కోతకో, మేకల వెంటో పొదల్లోకి పోయిన మనిషిని కంటికి ఆనని పురుగు కుడుతుంది. నొప్పి ఉండదు. పది రోజులకు విపరీతమైన జ్వరం, తలనొప్పి. స్క్రబ్ టైఫస్. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, అందరికీ కాదు గానీ చాలామందికి. ఎక్కడ? చంకలో, గజ్జల్లో, నడుం మడతల్లో, రొమ్ము కింద. అంటే బట్ట తప్పించి చూస్తే తప్ప కనబడని చోట. చూస్తే అర నిమిషంలో జబ్బు తేలిపోతుంది. చూడకపోతే వైడాల్‌లో నూట అరవై అని రాసుకుని సెఫ్ట్రియాక్సోన్ ఎక్కిస్తారు. అది స్క్రబ్ టైఫస్‌కు పనిచేయదు. మూడో సీసా, నాలుగో సీసా, ఆయాసం, కామెర్లు, మూత్రపిండాలు, ఆ తర్వాత నగరానికి అంబులెన్సు, తాకట్టులో భార్య పుస్తెలు. దాని అసలు మందు డాక్సీసైక్లిన్. రోజుకు రెండు చొప్పున, వారం రోజులు. మాత్ర ఖరీదు కొద్ది రూపాయలు.

ఇంకో సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. 1948లో లోకానికి తెలిసింది. అమెరికాలో లెడర్లే సంస్థలో బెంజమిన్ డగ్గర్ దాన్ని పట్టుకున్నప్పుడు అక్కడి పరిశోధనలకు పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టినవాడు. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోనిదే. ఆయన జయంతికి దండలు వేస్తాం, ఉపన్యాసాలిస్తాం. ఆయన పుట్టిన జిల్లాలో కూలీమనిషి చంకలోని పెచ్చును చూడం.

డెంగీ సంగతి మరో రకం దోపిడీ. ఇక్కడ దేవుడు ప్లేట్‌లెట్. ఉదయం తొంభై వేలు, సాయంత్రం డెబ్భై వేలు అంటూ ఇంటిల్లిపాదీ అంకెల చుట్టూ తిరుగుతారు. బొప్పాయి ఆకు దంచి రసం తాగిస్తారు. వాట్సాప్‌లో దాతల కోసం మొర. రక్తస్రావం లేని మనిషికి పది వేల కిందికి పోతే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదు. డెంగీలో ప్రాణం తీసేది చాలావరకు రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం. అది జ్వరం దిగే వేళకు మొదలవుతుంది. “జ్వరం తగ్గింది, ఇక భయం లేదు” అనుకునే రోజే భయపడవలసిన రోజు. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్లలో రక్తం, చల్లబడ్డ చేతులు, మగత కనిపిస్తే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. అప్పుడు చూడవలసింది బీపీ, నాడి, హిమటోక్రిట్. ఆ రెండు రోజులూ మంచం పక్కన నిలబడి గంటగంటకూ నాడి పట్టుకునేవాడు కావాలి. అంకె వాట్సాప్‌లో పంపేవాడు కాదు. నొప్పి తగ్గుతుందని డైక్లోఫెనాక్ సూది వేసేవాడు అసలే కాదు. డెంగీలో అది రక్తస్రావాన్ని పెంచుతుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు.

దగ్గు గురించి రెండే మాటలు. మామూలు జలుబు తర్వాత దగ్గు రెండు మూడు వారాలు ఉండటం మామూలే. అయినా రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. అలా కాకుండా లివోఫ్లోక్సాసిన్ రాసి పంపితే, లోపల క్షయ ఉన్నవాడికి కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. జబ్బు దాక్కుంటుంది, ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది.

ఇక గ్యాస్. తెలుగువాడి ఛాతీలో గ్యాస్ తప్ప మరో అవయవం లేదు. యాభై దాటిన మనిషి, షుగరు ఉంది, తిన్నాక నాలుగడుగులు వేస్తే గుండెల మీద బరువు, ఎడమ చెయ్యి లాగుతోంది, చెమట. “గ్యాసేలే అన్నా” అని ప్యాంటాప్రజోల్ సూది. ఈసీజీ యంత్రం మూలన గుడ్డ కప్పుకుని ఉంటుంది. తీయడానికి పది నిమిషాలు పట్టదు. మర్నాడు చావింటికి వచ్చినవాళ్లు నిన్నటిదాకా బాగానే ఉన్నాడు, గ్యాసన్నారు అని చెప్పుకుంటారు.

నాకు వచ్చే సమాధానం ఎప్పుడూ ఒకటే: పేషెంట్లే అడుగుతారు సార్, సెలైన్ పెట్టకపోతే పక్క డాక్టరు దగ్గరికి పోతారు. అడుగుతారు, నిజమే. ఎవరు అలవాటు చేశారు? అరలీటరు సెలైన్‌లో ఉన్నది నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే చెంచా కంటే తక్కువ. డెక్స్‌ట్రోజ్ కలిపినదైతే ఇంకో పాతిక గ్రాముల చక్కెర. నోటితో తాగగలిగినవాడికి ఆ మాత్రం శక్తి గ్లాసుడు గంజిలోనూ ఉంది. 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోయించి జనాన్ని బతికించాడు. మూడు పదుల శాతం ఉన్న చావులు నాలుగు శాతం లోపుకి దిగాయి. అంత పెద్ద పాఠం మన దేశంలోనే, పశ్చిమ బెంగాల్‌లో జరిగితే, మనం నీరసానికి రెండు సీసాలు ఎక్కించుకుని, అందులో పసుప్పచ్చగా బీ కాంప్లెక్స్ కలిపితే బలం వచ్చిందని మురిసిపోతున్నాం. గుండె జబ్బున్న ముసలాయనకు ఆ నీళ్లే ఊపిరితిత్తుల్లో చేరతాయి.

ప్రభుత్వాలకూ ఇందులో వాటా ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్లకు, డయాలిసిస్‌కు అండ దొరికింది, కాదనను. కానీ గుండె అంతదాకా పోకుండా ముందే బీపీ పట్టుకునే ఆ పావుగంట మాటకు, పరీక్షకు పథకంలో విలువ కట్టలేదు. జ్వరానికి జనం జేబులోంచే పెట్టుకుంటున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీని దొంగ డాక్టరని పట్టుకెళితే పేపర్లో ఫొటో పడుతుంది. అతను రాత్రి రెండింటికి తలుపు తడితే లేస్తాడు. మేం లేవం. అతను వేసే డెక్సామెథాసోన్ సూది తప్పు, పచ్చి తప్పు. ఆ సూది వేయడం అతను నేర్చుకున్నది ఏ డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉన్నప్పుడో కూడా ఆ ఫొటో కింద రాస్తే బాగుండేది.

మెడికల్ కౌన్సిళ్లు చేయవలసిన పని ఒకటుంది. ఒక్క వైడాల్ అంకె చూసి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టిన చీటీని తప్పుడు వైద్యంగా లెక్కగట్టి నోటీసు పంపండి. ప్రభుత్వాలు ముందు తమ ల్యాబుల్లోనే ఆ పలకను పక్కన పెట్టి, ఏరియా ఆసుపత్రుల దాకా బ్లడ్ కల్చర్ సీసాలు పంపాలి. వాళ్లు కదిలేదాకా, చదువుతున్న మీరు ఆగనక్కర్లేదు. జ్వరంతో వెళ్లినప్పుడు, సూదికి చెయ్యి చాపే ముందు, “డాక్టరు గారూ, ఇది ఏ జ్వరమనుకుంటున్నారు? ఆ కాగితం కాకుండా ఇంకేం చూసి అనుకుంటున్నారు?” అని అడగండి. కోప్పడితే లేవండి. లేస్తూ ఫీజు వెనక్కి అడగండి.