సంత దారిలో ఒక కాటా పెట్టండి

గౌరవనీయులైన గిరిజన సహకార సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

పాడేరు కొండల్లో పద్నాలుగేళ్లు బడిపంతులుగా పనిచేశాను. ఒక ఎండాకాలం సంతరోజు పొద్దున్నే, మూడో తరగతి పిల్ల తల్లి చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి బడి ముందు ఆగింది. మంచినీళ్లు తాగి, "ఎంతుంటాదో చూడండి పంతులుగారూ" అంది. మధ్యాహ్న భోజనం బియ్యం తూచే కాటా మీద పెడితే, బుట్ట బరువు పోను 14 కిలోలు తూగింది.

సాయంత్రం తిరిగొస్తూ మళ్లీ ఆగింది. సంతకు చేరకముందే, దారి మలుపులో షావుకారు మనిషి బుట్ట దించుకున్నాడట. చేత్తో ఎత్తి చూసి 11 కిలోలన్నాడట. వానాకాలంలో ఇచ్చిన బియ్యం బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టాడట. దాంతో ఉప్పు, కాస్త నూనె, నాలుగు ఎండుచేపలు కొనుక్కుంది.

"పద్నాలుగని చెప్పలేకపోయావా అమ్మా?"

"వానల్లో మళ్లీ ఆయన గుమ్మమే కదా ఎక్కాలి."

ఆ మూడు కిలోల కోసమే ఈ ఉత్తరం.

అడవి ఫలసాయం మీద హక్కు గిరిజనులదేనని 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం చెప్పాయి. 2013-14లో కేంద్రం మద్దతు ధర పథకం తెచ్చినప్పుడు చింతపండు, తేనె, కరక్కాయ మొదటి జాబితాలోనే ఉన్నాయి. అయితే ధర కట్టేది కిలో లెక్కన. తూకమే తప్పితే ఆ ధర ఎంత పెంచినా ఆమె బుట్ట దాకా రాదు.

1956లో మీ సంస్థ పుట్టిందే కొండమనిషి కష్టానికి న్యాయమైన వెల కట్టడానికి. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. సంతరోజు తెల్లవారేసరికి, షావుకార్లు కాసుకుని కూర్చునే ఆ మలుపులోనే మీ కాటా ఉండాలి. ఎవరికి అమ్ముకున్నా సరే, ముందు ఉచితంగా తూచి చీటీ రాసివ్వాలి. ఆనాటి ధరలు పెద్ద అక్షరాల్లో పలక మీద రాస్తే బడికెళ్లే పిల్లలు తల్లులకు చదివి చెబుతారు.

మీరు కొన్నదానికి అప్పటికప్పుడు నగదు ఇవ్వండి. ఆమె ఉప్పూ నూనే కొనుక్కోవలసింది ఆ సంతలోనే. పదిరోజులకు బ్యాంకులో పడే డబ్బు ఆ పూట కూరకు అక్కరకు రాదు. రెండు కట్టల కొండచీపుళ్లయినా, సీసాడు తేనె అయినా, అడ్డాకుల మోపయినా కొంచెమేనని తిప్పి పంపకండి. అన్నిటికన్నా ముఖ్యం, వానాకాలంలో మీ డిపోల నుంచే బియ్యం అరువివ్వండి. అరువిచ్చిన చేతికే ఆమె తలొగ్గుతుంది. ఆ చెయ్యి మీదైతే, 14ను 11 అన్నవాడితో కాదనగలుగుతుంది.

కిలో అంటే వెయ్యి గ్రాములని ఆ పిల్లకు నేర్పింది నేనే. వాళ్లమ్మ బుట్ట దగ్గర కూడా అది నిజమయ్యేలా చూడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు