టికెట్‌లో కనిపించని గంటలు

హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఆకాశమార్గంలో 14 వేల కిలోమీటర్ల పైనే. దుబాయ్ మీదుగా వెళ్తే మొదటి విమానం దాదాపు 4 గంటలు, రెండోది 16 గంటలు. కూతురి పురుడుకు వెళ్లే అమ్మానాన్నలకు టికెట్ కొనేటప్పుడు పిల్లలు చూసేది ఈ గంటలు, ధర.

కాళ్ల లెక్క వేరు. కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తప్రవాహం నెమ్మదిస్తుంది. 4 గంటలు దాటిన ప్రయాణం, బస్సులోనైనా సరే, సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును సుమారు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఆరోగ్యవంతులకు ఆ ముప్పు చిన్నదే, సుమారు 6 వేల మందిలో ఒకరికి. ఈమధ్యే మోకీలు మార్పిడి చేయించుకున్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, లోగడ గడ్డకట్టినవారు ఆ లెక్కలోకి రారు. టికెట్ కొనకముందే డాక్టర్ని కలవండి. ‘ఒక ఆస్పిరిన్ వేసుకుంటే సరి’ అనే పక్కింటి సలహా పనికిరాదు.

నడవ పక్క సీటుకు అదనంగా కట్టమంటే కట్టండి. మన పెద్దవాళ్లు పక్కవారిని లేపడానికి మొహమాటపడి, అసలు నీళ్లే తాగరు!

డాలస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత అన్నది ముందే రాయించుకోండి. దాన్ని చేతిసంచిలోనే ఉంచండి.

దిగాక ఒక కాలే వాచినా, పిక్క నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా బడలిక అనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని వారాల తర్వాతైనా ఇది బయటపడొచ్చు. అక్కడి బిల్లుకు భయపడి పిల్లల దగ్గర దాచే తల్లిదండ్రులున్నారు. టికెట్‌తోపాటే బీమా తీసుకుని, ఆ కాగితం వాళ్ల చేతిలో పెట్టండి.