ఫస్ట్ డౌన్‌లో షక్ మిగలాలి

శనివారం కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఖతం కాగానే టీవీ తెర మీద ఒక హిసాబ్ వేస్తారు. రన్ ఆటలు ఇన్ని, పాస్ ఆటలు ఇన్ని. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే వ్యాఖ్యాత ఖుష్. "బ్యాలెన్స్ ఉన్న టీమ్" అని సర్టిఫికెట్ ఇచ్చేస్తాడు. తేడా ఎక్కువుంటే ఓడిన కోచ్ మీద ఇల్జామ్. రన్ వదిలేశాడంటారు, లేదంటే పాస్ మీద భరోసా పెట్టలేదంటారు. ఈ హిసాబ్ మీద నాకు సఖ్త్ ఏతరాజ్ ఉంది. బరాబర్ వేరు, బ్యాలెన్స్ వేరు. రెండూ ఒకటే అనుకోవడం వల్ల ఫస్ట్ డౌన్ అనే దౌలత్ ఖామఖా ఖర్చయిపోతోంది. దాని కీమత్ చెల్లించేది మైదాన్‌లో నిలబడ్డ 19, 20 ఏళ్ల పిల్లలు.

ముందే సాఫ్‌గా చెప్తున్నా. ఇది మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కాదు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో రహీమ్ సాబ్ మన టీమ్‌కు బంగారు పతకం తెచ్చిపెట్టిన ఆట వేరు. ఇది కోడిగుడ్డు ఆకారం బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికా ఫుట్‌బాల్. మనవాళ్లు బాగా స్థిరపడ్డ టెక్సాస్‌లో, జార్జియాలో శనివారం వచ్చిందంటే దీనిదే హుకూమత్. పిల్లల్ని అక్కడి యూనివర్సిటీల్లో చదివించే అమ్మీ అబ్బాలు కూడా ఇప్పుడు స్కోర్ అడుగుతున్నారు. అందుకే ఆట ఖాయిదా రెండు ముక్కల్లో చెప్పి అసల్ బాత్‌లోకి వస్తాను.

బంతి చేతికి వచ్చిన టీమ్‌కు నాలుగు ఛాన్సులు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోవాలి. ఒక్కో ఛాన్స్ పేరు డౌన్. 10 గజాలు దాటితే మళ్లీ నాలుగు ఛాన్సులు. దాటకపోతే బంతి అవతలి వాళ్లది. ప్రతి డౌన్‌లో ముఖ్యంగా రెండు రాస్తాలు. ఒకటి, బంతిని రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టి జనం మధ్యలోంచి పరుగెత్తించడం. ఇది రన్. రెండోది, క్వార్టర్‌బ్యాక్ అనే కుర్రాడు బంతిని దూరంగా ఉన్న దోస్త్‌కు విసరడం. ఇది పాస్. మూడు డౌన్లలో పని కాకపోతే నాలుగో డౌన్‌లో ఎక్కువగా బంతిని దూరంగా తన్ని ఇచ్చేస్తారు. అంటే చేతిలో నిజంగా ఉన్నవి మూడే.

ఈ మూడింటిలో ఫస్ట్ డౌన్‌కు ఒక ఖాసియత్ ఉంది. అది ఆజాద్ డౌన్. సెకండ్ డౌన్, థర్డ్ డౌన్ ముందు జరిగినదానికి గులామ్‌లు. థర్డ్ డౌన్‌లో ఇంకా 8 గజాలు కావాలంటే స్టేడియంలో పల్లీలు అమ్మేవాడికి కూడా తెలుసు, ఇప్పుడు పాస్ వస్తుందని. ఒక్క గజమే కావాలంటే రన్ వస్తుందని ఎక్కువమంది అనుకుంటారు. ఫస్ట్ డౌన్ దగ్గర మాత్రం రెండు దర్వాజాలూ తెరిచే ఉంటాయి. డిఫెన్స్‌కు యకీన్ ఉండదు. ఆ యకీన్ లేకపోవడమే మన ఆస్తి. లెక్కలు కట్టే విశ్లేషకుల్లో బాగా చలామణిలో ఉన్న ఒక కొలత ఉంది. ఫస్ట్ డౌన్‌లో కావలసిన 10 గజాల్లో సగం వస్తే కామ్‌యాబీ. సెకండ్ డౌన్‌లో మిగిలిన దాంట్లో 70 శాతం రావాలి. థర్డ్ డౌన్‌లో మొత్తం రావాలి. అంటే ఫస్ట్ డౌన్‌లో 5 గజాలు. రెండు గజాలతో సరిపెట్టుకుంటే అప్పు సెకండ్ డౌన్ నెత్తిన పడుతుంది, వడ్డీతో సహా.

మరి ఇంత ఆజాదీ ఉన్నచోట చాలామంది కోచ్‌లు కళ్లు మూసుకుని రన్ ఎందుకు పిలుస్తారు? దీనికి ఒక తారీఖ్ ఉంది. 1905 నాటికి ఈ ఆటలో దెబ్బలు, మరణాలు ఎంత పెరిగాయంటే ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్ హౌస్‌కు పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. 1906లో ఖాయిదాలు మారాయి. బంతిని ముందుకు విసిరే పాస్‌కు ఇజాజత్ దొరికింది. కానీ మొదట్లో పాస్ గురి తప్పితే సజా చాలా సఖ్త్‌గా ఉండేది. బంతి ఎవరికీ తగలకుండా నేల మీద పడితే అవతలి టీమ్‌కే పోయేది. ఆ జమానాలో పాస్ అంటే డర్ ఉండడం సహజం. 1913లో నోటర్ డామ్ టీమ్ ఆర్మీని పాసులతో 35-13 తేడాతో కొట్టినప్పుడు దేశం ఆశ్చర్యపోయిందంటే అందుకే.

తర్వాత సజాలు తగ్గాయి గానీ డర్ మిగిలింది. ఒహాయో స్టేట్‌లో వుడీ హేస్ సాబ్ ఆటకు మూడు గజాలు, ఓ దుమ్ము మేఘం అని పేరే పడింది. పాస్ వేస్తే మూడు జరగొచ్చు, అందులో రెండు చెడ్డవే అనే మాట ఆయన పేరు మీద, టెక్సాస్ కోచ్ డారెల్ రాయల్ పేరు మీద కూడా తిరుగుతుంటుంది. మాట మజాగా ఉంది. కానీ రన్ పిలిస్తే ఏమేం జరగొచ్చో ఎవరూ లెక్కపెట్టలేదు. రెండు గజాలొచ్చి ఆగిపోవడం కూడా చెడ్డదే భాయ్. కాకపోతే అది చెడ్డదిగా కనబడదు. తేడా అంతే.

ఇక్కడే నా అసల్ షికాయత్. ఫస్ట్ డౌన్ రన్ "సేఫ్" అంటారు. ఎవరికి సేఫ్? ఫస్ట్ డౌన్‌లో పాస్ వేసి ఇంటర్‌సెప్షన్ అయితే మ్యాచ్ తర్వాత ప్రతి విలేకరీ కోచ్‌ను అదే సవాల్ అడుగుతాడు. ఫస్ట్ డౌన్‌లో రన్ పిలిచి రెండు గజాలొస్తే ఎవరూ అడగరు. కానీ ఆ రెండు గజాల తర్వాత కథ చూడండి. సెకండ్ డౌన్‌లో 8 కావాలి. మళ్లీ రన్, మళ్లీ రెండు గజాలు. థర్డ్ డౌన్‌లో 6 కావాలి. ఇప్పుడు డిఫెన్స్‌కు షక్ లేదు. రన్‌ను ఆపాల్సిన ఫికర్ లేదు. 120 కిలోల మనుషులు నలుగురు, ఒక్కోసారి అయిదుగురు, ఆరుగురు, ఒకే ఇరాదాతో క్వార్టర్‌బ్యాక్ మీదికి దౌడు తీస్తారు. పిల్లాడు బంతి విసిరే లోపే కింద పడతాడు, లేదా తొందరలో తప్పుగా విసురుతాడు. తెర మీద కనబడేది అతని గల్తీ. రాసుకునేది అతని పేరు. మొదటి డౌన్‌లో ఫైసలా తీసుకున్న పెద్దమనిషి చేతులు కట్టుకుని సైడ్‌లైన్ మీద ఖామోష్. సేఫ్టీ ఆయనకు, ఖత్రా పిల్లాడికి. ఇది ఇన్‌సాఫ్ కాదు.

అయితే రన్ మానేసి ఫస్ట్ డౌన్‌లో అన్నీ పాసులే వేయాలా? అలా అనడం లేదు. ఆ రాస్తాలో దూరం పోయిన ఉస్తాద్‌లు ఉన్నారు. 1984లో లవెల్ ఎడ్వర్డ్స్ బ్రిగమ్ యంగ్ టీమ్‌ను పాసుల మీద నడిపి జాతీయ చాంపియన్‌ను చేశాడు. హాల్ మమ్, మైక్ లీచ్ కలిసి తయారుచేసిన ఎయిర్ రెయిడ్ తరీకాను లీచ్ 2000 నుంచి 2009 వరకు టెక్సాస్ టెక్‌లో ఆడించి పెద్ద పెద్ద టీమ్‌లకు నిద్ర లేకుండా చేశాడు. కానీ పాస్ ఒక్కటే వస్తుందని తెలిస్తే డిఫెన్స్ కూడా తెలివి తెచ్చుకుంటుంది. ముందు ముగ్గురినే ఉంచి ఎనిమిది మందిని వెనక పరుస్తుంది. విసరడానికి సందు దొరకదు. పాస్ గురి తప్పితే సున్నా గజాలు, సెకండ్ డౌన్‌లో మొత్తం 10 బాకీ. వరసగా మూడు తప్పితే గడియారం కదలనే కదలదు, సొంత డిఫెన్స్ నీళ్లు తాగేలోపే మళ్లీ మైదాన్‌లోకి రావాలి. ముందు భాగంలో ఆరుగురే నిలబడ్డప్పుడు రన్ పిలవకపోవడం కూడా నాదానీయే. ఆఖరి క్వార్టర్‌లో 14 పాయింట్ల ఆధిక్యం ఉంటే గడియారం తినడానికి రన్ పిలవడం నూటికి నూరు పాళ్లు సహీ.

అందుకే సగం సగం అనేది జవాబ్ కాదంటున్నా. ఒక మిసాల్ చూడండి. ఒక కోచ్ ఫస్ట్ డౌన్‌లో ఒకసారి రన్, తర్వాత పాస్, మళ్లీ రన్, మళ్లీ పాస్ పిలుస్తాడనుకుందాం. లెక్క బరాబర్. కానీ మూడోసారికి డిఫెన్స్‌కు తెలిసిపోతుంది. ఇంకో కోచ్ తెలివిగా కలుపుతాడు గానీ, ఇద్దరు టైట్ ఎండ్‌లు లోపలికి వస్తే ఎప్పుడూ రన్, నలుగురు రిసీవర్లు విడివిడిగా నిలబడితే ఎప్పుడూ పాస్. మ్యాచ్ చివర 34 రన్‌లు, 34 పాసులు. వ్యాఖ్యాత శభాష్ అంటాడు. డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్ మాత్రం బంతి కదలకముందే ప్రతిసారీ జవాబ్ తెలుసుకుని నిలబడ్డాడు. కాగితం మీద తరాజు సమానం. మైదాన్‌లో ఒక్క షక్ కూడా లేదు.

పైగా ఆ కాగితం కూడా నమ్మదగ్గది కాదు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక వింత ఖాయిదా ఉంది. పాస్ వేయబోయి క్వార్టర్‌బ్యాక్ కింద పడితే, దాన్ని సాక్ అంటారు, అది రన్ ఖాతాలో రాస్తారు. ప్రొఫెషనల్ లీగ్‌లో పాస్ ఖాతాలో రాస్తారు. అంటే కోచ్ పాస్ పిలిచాడు, పిల్లాడు దెబ్బ తిన్నాడు, హిసాబ్‌లో అది ఒక రన్ ఆట. అయిదు సాక్‌లు తిన్న టీమ్ చూడ్డానికి రన్ ఎక్కువ ఆడినట్టే కనబడుతుంది. దీంతో బ్యాలెన్స్ కొలవడం విరిగిన తరాజులో మటన్ తూచడమే.

మరి అసల్ బ్యాలెన్స్ ఏది? క్రికెట్ చూసేవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మంచి ఫాస్ట్ బౌలర్ స్లో బంతిని ఓవర్‌కు మూడు చొప్పున లెక్కపెట్టి వేయడు. అదే రనప్, అదే చెయ్యి, బంతి మాత్రం వేరే. బ్యాట్స్‌మన్‌కు చివరి క్షణం దాకా షక్. ఫస్ట్ డౌన్‌లో కూడా ఒకే సూరత్‌లోంచి రెండు చాల్‌లు రావాలి. 2019లో లూసియానా స్టేట్ టీమ్ చేసిందదే. జో బర్రో ఆ సీజన్‌లో 60 టచ్‌డౌన్ పాసులు వేశాడు. అదే టీమ్‌లో రన్నింగ్ బ్యాక్ క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలైర్ 1,400 గజాలకు పైగా పరుగెత్తాడు. అతను పాసులు అందుకోవడంలోనూ హుషార్. అతను మైదాన్‌లో ఉన్నాడంటే రన్ అని గానీ పాస్ అని గానీ ఎవరూ కసమ్ తిని చెప్పలేరు. 15 ఆటలాడి 15 గెలిచారు.

దీనికి పూర్తిగా ఉల్టా మిసాల్ ఆర్మీ టీమ్. వాళ్లు పాస్ చాలా తక్కువ వేస్తారు. టీవీ హిసాబ్ ప్రకారం బ్యాలెన్సే లేదు. అయినా 2024లో తమ కాన్ఫరెన్స్ చాంపియన్‌షిప్ గెలిచారు. ఎలా? వాళ్ల ఆప్షన్ ఆటలో బంతి మధ్యలో దూరే వాడికి ఇవ్వొచ్చు, క్వార్టర్‌బ్యాక్ తనే ఉంచుకోవచ్చు, పక్కనున్న వాడికి విసరొచ్చు. ఒక్క రన్‌లోనే మూడు షక్‌లు. ఈ రెండు టీమ్‌లకు ఒక్క సంగతిలోనే పోలిక. ఎదురుగా ఉన్నవాడికి యకీన్ కలగనివ్వకపోవడం.

ఈ షక్ పుట్టించడానికి కాలేజీ ఖాయిదా సాయం కూడా చేస్తుంది. పాస్ గాల్లోకి లేవకముందు లైన్‌మెన్ మూడు గజాల దాకా ముందుకు పోవచ్చు. ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక్క గజమే. ఈ రెండు గజాల తేడా మీదే రన్-పాస్ ఆప్షన్ అనే ఆట బాగా పెరిగింది. లైన్ అంతా రన్‌కు కదులుతుంది. క్వార్టర్‌బ్యాక్ ఒక్క లైన్‌బ్యాకర్‌ను చూస్తాడు. అతను ముందుకొస్తే బంతి అతని వెనక ఖాళీలోకి పాస్. ఆగిపోతే రన్. కోచ్ పిలిచింది ఒకటే ఆట, ఫైసలా మాత్రం ఎదుటివాడి అడుగు చూసి. రన్ ఇచ్చినట్టు ధోఖా చేసి వేసే ప్లే యాక్షన్ పాస్‌కు కూడా ఫస్ట్ డౌనే సరైన వక్త్. థర్డ్ డౌన్‌లో 9 కావాల్సినప్పుడు ఆ నాటకాన్ని ఎవరు నమ్ముతారు?

కోచ్‌లకు నా గుజారిష్ ఒక్కటే. ఫస్ట్ డౌన్‌లో మీ రన్‌కు ఎన్ని గజాలొస్తున్నాయి, సాక్‌లూ ఇంటర్‌సెప్షన్ల నష్టం తీసేశాక పాస్‌కు ఎన్ని వస్తున్నాయి చూడండి. పాస్‌కు చాలా ఎక్కువొస్తుంటే కొన్ని రన్‌లు తీసి పాసులు పెంచండి. డిఫెన్స్ దానికి తగ్గట్టు వెనక్కి జరిగితే రన్ మళ్లీ తెరుచుకుంటుంది, అటు పొండి. ఆ మిశ్రమం ఒక టీమ్‌కు 60-40 కావచ్చు, ఇంకో టీమ్‌కు 35-65 కావచ్చు. ఆటగాళ్లను బట్టి, ఎదుటి టీమ్‌ను బట్టి మారుతుంది. ఆదత్‌ను బట్టి గానీ, డర్‌ను బట్టి గానీ మారకూడదు.

చూసే మనకు కూడా ఒక పని ఉంది. మ్యాచ్ చివర వచ్చే మొత్తం లెక్క వదిలేయండి. స్కోర్ దగ్గరగా ఉన్న మొదటి మూడు క్వార్టర్లలో ఫస్ట్ డౌన్ తర్వాత ఎన్ని గజాలు బాకీ ఉంటున్నాయో గమనించండి. వచ్చే ఆట ఏమిటో సోఫాలో కూర్చున్న మీరు ముందే చెప్పగలుగుతున్నారా? అయితే అవతలి డిఫెన్స్ కూడా చెప్పగలుగుతోంది. అలాంటి రోజున థర్డ్ డౌన్‌లో కింద పడ్డ కుర్రాడిని తిట్టే ముందు రెండు డౌన్లు వెనక్కి వెళ్లి చూడండి. ఇల్జామ్ రాయాల్సిన చోటు చాలాసార్లు అక్కడే ఉంటుంది.